విమానాశ్రయమే రంగస్థలం: లియోనిద్ బికోవ్ దర్శకుడైన తీరు

1970ల మొదట్లో కీవ్‌లోని దొవ్‌జెంకో స్టూడియోలో ఒక స్క్రిప్టు ముందుకు కదలక ఆగిపోయింది. 1943లో ఉక్రెయిన్ ఆకాశంలో పోరాడిన ఒక యుద్ధవిమాన దళం కథ అది. అధికారుల అభ్యంతరం సూటిగానే ఉంది: ఇందులో వీరత్వం చాలదు, పైలట్లు యుద్ధం మాని పాటలు పాడుతున్నారు. రాసినవాళ్ళు ముగ్గురు. యెవ్హెన్ ఒనోప్రియెంకో, ఒలెక్సాందర్ సాత్‌స్కీ, మూడోవాడు లియోనిద్ బికోవ్. అప్పటికి సోవియట్ ప్రేక్షకులకు బికోవ్ నవ్వుముఖం ఉన్న పొట్టి నటుడు. ఊళ్ళకి వెళ్ళి అభిమానుల సభల్లో మాట్లాడే అలవాటు అప్పటి సినిమా నటులందరికీ ఉండేది. బికోవ్ ఆ సభల్నే పరీక్షగా మార్చుకున్నాడు. ఒంటరిగా వేదికెక్కి, ఇంకా తీయని సినిమాలోని ఘట్టాలను అన్ని పాత్రలూ తానే అయి ఆడి చూపించాడు. జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో చూసుకున్నాడు. ఆ స్పందనే స్టూడియో ముందు అతని వాదన అయింది.

స్టూడియోని ఒప్పించే ఎత్తుగడగానే ఈ సంగతిని చెప్పుకుంటూ ఉంటారు. దాని విలువ అంతకన్నా ఎక్కువ. నవ్వు ఎంతసేపు నిలుస్తుందో కాగితం మీద తెలియదు. షూటింగ్‌లో అసలే తెలియదు, ఎందుకంటే అక్కడ నవ్వేవాళ్ళు ఉండరు. సినిమా విడుదలయ్యాక తెలిస్తే దిద్దే వీలుండదు. వేదిక మీద పదిసార్లు ఆడిన నటుడికి మాత్రం ఒక హాస్యం తర్వాత ఎన్ని క్షణాలు ఆగాలో, ఆ నవ్వు పూర్తిగా ఆరకముందే మరణవార్త పడితే ఏమవుతుందో ఒంట్లోనే తెలిసిపోతుంది. 1973లో తయారై 1974లో విడుదలైన ఆ సినిమా, ‘యుద్ధానికి వెళ్ళేది ముసలాళ్ళే’, ఆ లెక్క మీదే నడుస్తుంది. సోవియట్ యూనియన్‌లో దాన్ని దాదాపు 4.4 కోట్ల మంది చూశారు.

ఇక్కడ చేస్తున్న వాదన ఇదీ: బికోవ్ దర్శకత్వంలో నిలిచినవన్నీ రంగస్థలం నేర్పినవే. తడబడినవి ఆ పాఠం నుంచి పక్కకి జరిగినచోట తడబడ్డాయి. అది నిరూపించడానికి అతని జాబితా చిన్నదే. ఇక్కడ చూసేవి ఒక లఘుచిత్రం, మూడు పూర్తి నిడివి చిత్రాలు, ఒక ఆగిపోయిన ప్రయత్నం.

బికోవ్ 1928 డిసెంబరు 12న దొనేత్స్క్ ప్రాంతంలోని స్లోవ్యాన్స్క్ దగ్గర జ్నామెన్స్కె అనే పల్లెలో పుట్టాడు. పెరిగింది పక్కనే ఉన్న పారిశ్రామిక పట్టణం క్రమతోర్స్క్‌లో. స్లోవ్యాన్స్క్, క్రమతోర్స్క్ పేర్లు ఇప్పుడు యుద్ధవార్తల్లో తరచూ వినిపిస్తున్నవే. యుద్ధకాలంలో కుటుంబం అల్తాయ్ ప్రాంతపు బర్నావుల్‌కి తరలిపోయింది. కుర్రాడికి పైలట్ కావాలని ఉండేది. పొట్టివాడని, వయసు చాలదని వెనక్కి పంపారు. తర్వాత లెనిన్‌గ్రాద్‌లో పైలట్ల ప్రత్యేక పాఠశాలలో చేరాడు గానీ, యుద్ధం ముగిశాక ఆ బడినే ఎత్తేశారు. కీవ్‌లో నటన చదువుకోవాలని వెళితే ప్రవేశం దొరకలేదు. 1947లో ఖార్కివ్ నాటక విద్యాసంస్థలో చేరి, 1951లో బయటికి వచ్చి, అదే ఊళ్ళోని షెవ్‌చెంకో నాటకశాలలో ఉద్యోగం సంపాదించాడు. 1960 దాకా అక్కడే ఉన్నాడు.

ఆ నాటకశాల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. దాని అసలు పేరు ‘బెరెజిల్’. లెస్ కుర్బాస్ 1922లో కీవ్‌లో స్థాపించి 1926లో ఖార్కివ్‌కి తెచ్చిన బృందం అది. ఉక్రేనియన్ రంగస్థలం ఆధునికం అయింది అక్కడే. కుర్బాస్ కూడా నటుడిగా మొదలై దర్శకుడైనవాడే. 1933లో అతన్ని అరెస్టు చేసి, 1937 నవంబరులో సందార్మోఖ్ అడవిలో కాల్చి చంపారు. 1935లో నాటకశాల పేరు మార్చేశారు. పేరు పోయినా పని పద్ధతి ఒక్కసారిగా పోలేదు. కుర్బాస్ దగ్గర తయారైన నటుడు మర్యాన్ క్రుషెల్నిత్స్కీ 1952 దాకా ఆ బృందాన్ని నడిపాడు. బికోవ్ చేరింది ఆ చివరి ఏడాదిలో. లయను, సంగీతాన్ని, బృందం కదలికను కథలో భాగంగా చూడటం ఆ ఇంటి అలవాటు. వాటిని అలంకారంగా అద్దే పద్ధతి అక్కడ లేదు. బికోవ్ సినిమాల్లో పాట ఎందుకంత బరువు మోస్తుందో వెతికితే మూలం ఇక్కడే దొరుకుతుందని అనిపిస్తుంది.

నాటకశాలలో ఉండగానే సినిమా పిలిచింది. 1953లో కీవ్ స్టూడియో తీసిన ‘మరీనా జాతకం’, ఆ తర్వాత లెనిన్‌గ్రాద్‌లోని లెన్‌ఫిల్మ్ స్టూడియో వాళ్ళ ‘పులుల శిక్షకురాలు’, 1955లో ‘మక్సీమ్ పెరెపెలిత్స’. ఆ చివరిదానిలో అబద్ధాలూ గొప్పలూ చెప్పుకునే ఉక్రేనియన్ పల్లె కుర్రాడు సైన్యంలో చేరి దారిన పడతాడు. ఆ పాత్రతో బికోవ్ దేశమంతా తెలిశాడు, దాంట్లోనే ఇరుక్కున్నాడు కూడా. ఆ తర్వాత వచ్చినవన్నీ మంచి మనసు, ప్రేమలో ఓటమి, అమాయకపు నవ్వు. 1958లో ‘స్వచ్ఛంద సేవకులు’ చిత్రంలో జలాంతర్గామిలో చనిపోయే అల్యోషా పాత్ర వేరే దారి చూపించింది. నవ్వించిన ముఖమే చనిపోతే దెబ్బ రెట్టింపు తగులుతుంది. ఆ సూత్రాన్ని పదిహేనేళ్ళ తర్వాత తన సొంత సినిమా నిండా వాడుకున్నాడు.

1960లో ఖార్కివ్ వదిలి లెనిన్‌గ్రాద్ వెళ్ళాడు. దర్శకత్వం చదివిన పట్టా లేని నటుడికి స్టూడియో నేరుగా సినిమా ఇవ్వదు. ముందు అనుభవజ్ఞుడి పక్కన చిన్న పని అప్పగిస్తుంది. 1961లో హెర్బెర్ట్ రాపపోర్ట్‌తో కలిసి ఒక లఘుచిత్రం తీశాడు. 1964లో సొంతంగా ‘జాయిచిక్’ తీశాడు. కుందేలుపిల్ల అని ఆ పేరుకి అర్థం. నాటకశాలలో మేకప్ వేసే ఒక భయస్తుడు తనకిక నెలరోజులే ఆయుష్షని పొరపాటుగా నమ్మి, ఆ నమ్మకంతో ధైర్యవంతుడవుతాడు. కథ బాగుంది. నటుడు బాగున్నాడు. సినిమా మాత్రం సాగదు.

కారణం దర్శకుడు ఎక్కడ నిలబడ్డాడన్నదే. ప్రధాన పాత్ర బికోవ్‌దే, కథంతా ఆ ఒక్కడి చుట్టూనే తిరుగుతుంది. ఇప్పటిలాగా టేక్ అవగానే మానిటర్‌లో చూసుకునే వసతి అప్పుడు లేదు. నటిస్తున్న దర్శకుడికి తన షాట్ ఎలా వచ్చిందో చెప్పేది కెమెరా కంటికి కన్ను ఆనించినవాడే. ఫిల్మ్ లేబొరేటరీ నుంచి కడిగి వచ్చేదాకా స్వయంగా చూసుకునే దారి లేదు, అప్పటికి ఆ సెట్టు మారిపోయి ఉండవచ్చు. ఇలాంటి పరిస్థితిలో నటుడు తనకి బాగా తెలిసిన హావభావాలనే నమ్ముకుంటాడు. ఎదుటి నటుల్ని గమనించే శ్రద్ధ తగ్గుతుంది. ‘జాయిచిక్’లో పక్క పాత్రలు హాస్యాన్ని అందించడానికి వచ్చి పోతున్నట్టు ఉంటాయి, వాటికంటూ ఒక జీవితం కనిపించదు. వేదిక మీదైతే ఎదుటివాడు స్పందించకపోతే ఆ ఘట్టం అక్కడికక్కడే చచ్చిపోతుంది కాబట్టి నటుడు ఆ తప్పు చెయ్యలేడు. కెమెరా ఆ తప్పును చెయ్యనిచ్చి, దాచి, తర్వాత తెర మీద బయటపెడుతుంది.

ఇక్కడ చూడవలసిన తర్వాతి సినిమాకి తొమ్మిదేళ్ళు పట్టింది. 1969లో కీవ్‌కి తిరిగి వచ్చాడు.

‘ముసలాళ్ళ’ సినిమాకి కావలసినవి విమానాలు. స్క్రిప్టులోని దళం నడిపేది లావోచ్కిన్ లా-5. అవి 1973 నాటికి ఎగిరే స్థితిలో లేవు. వాయుసేన వీరుడు అలెక్సాందర్ పొక్రీష్కిన్ స్క్రిప్టును మెచ్చుకున్నాడు. 1972 నుంచి అతను ‘దొసాఫ్’ అధిపతి. సైన్యానికి తోడ్పడే ఆ సంఘం చేతిలోనే దేశంలోని విమాన క్రీడల క్లబ్బులన్నీ ఉండేవి. అలా యాక్-18పి విన్యాస విమానాలు దొరికాయి. వాటికి రంగులు మార్చి కీవ్ పక్కనున్న చాయ్కా విమానాశ్రయంలో షూటింగ్ చేశారు.

ఈ మారువేషం ఎంతవరకు పనిచేస్తుందో అంకెల్లో చూడవచ్చు. లా-5 రెక్కల వెడల్పు 9.8 మీటర్లు, యాక్-18పి రెక్కలు 10.6 మీటర్లు. రెండిటికీ ముందు గుండ్రటి ముక్కు, ఎందుకంటే రెండింటిలోనూ సిలిండర్లు నక్షత్రంలా చుట్టూ అమర్చిన ఇంజనే. కాబట్టి దూరం నుంచి, నేల మీద వరసగా నిలబెట్టినప్పుడు కన్ను నమ్ముతుంది. ఎగిరితే కథ వేరు. లా-5 ఇంజను శక్తి 1,700 హార్స్‌పవర్‌కి పైమాటే, యాక్-18పి ఇంజనుది 260 దగ్గర మొదలవుతుంది. వేగం సగం కూడా రాదు. గాల్లో దాన్ని ఎక్కువసేపు చూపిస్తే, నిటారుగా పైకి లేచే షాట్లలో ముఖ్యంగా, అది బరువైన యుద్ధవిమానం కాదని తెలిసిపోతుంది.

బికోవ్ ఈ లోటును కప్పిపుచ్చిన తీరులోనే అతని దర్శకత్వమంతా ఉంది. నలుపు-తెలుపులో తీసి, యుద్ధకాలపు వార్తాచిత్రాల ముక్కలను పక్కన అతికించాడు. చుక్కచుక్కలుగా కనబడే పాత ఫిల్మూ కొత్త షాట్లూ ఒకే రంగులో ఉండటంతో అతుకు కొట్టొచ్చినట్టు కనబడదు. 2009లో రంగులద్దిన ప్రతి వచ్చింది గానీ చూడవలసింది అది కాదు. రంగు వేస్తే మొదట బయటపడేది ఆ అతుకే. గాలిలో పోరాటాన్ని ఎక్కువగా కాక్‌పిట్‌లోని ముఖాలతో, రేడియోలోని గొంతులతో నడిపాడు. అన్నిటికన్నా పెద్ద నిర్ణయం, కథను నేల మీద ఉంచడం. విమానాశ్రయం అతనికి ఒక రంగస్థలం. ఆకాశం తెర వెనుక భాగం. పైలట్లు నిష్క్రమిస్తారు, కొందరు మళ్ళీ ప్రవేశిస్తారు, కొందరు రారు. ప్రేక్షకుడు మెకానిక్‌తో పాటు నేల మీద నిలబడి ఇంజను శబ్దం కోసం చెవి రిక్కిస్తాడు. తెర వెనుక జరిగినదాన్ని వేదిక మీది ముఖాల్లో చదివించడం నాటకంలోని పాత విద్య. 87 నిమిషాల సినిమాలో ఇంతమంది చనిపోతే, వాళ్ళ మరణాలు ఒకదానిలా ఒకటి లేకపోవడానికి కారణం ఆ విద్యే. ఉజ్బెక్ కుర్రాడు ‘రోమియో’ విమానాన్ని దించగలుగుతాడు, బతకలేకపోతాడు. అతను పెళ్ళాడాలనుకున్న మాషా, ఆమె సహచరి జోయా చనిపోయిన సంగతి మనకి చూపించరు. సమాధి దగ్గరికి తీసుకెళ్తారు, అంతే.

నటుల ఎంపికలో ఒక చిక్కు ఉంది. కథలో ‘ముసలాళ్ళు’ అంటే ఇరవైల్లో ఉన్నవాళ్ళు. నాలుగు పోరాటాలు చూసిన కుర్రాడు కొత్తగా వచ్చిన కుర్రాడికి ముసలాడు. కొత్తవాళ్ళని పోరులోకి పంపకుండా ఈ ముసలాళ్ళే ముందు వెళ్తారు. అదీ పేరులోని అర్థం. దళనాయకుడు తితారెంకో, ముద్దుపేరు ‘మాయెస్ట్రో’, పాత్ర వేసేనాటికి బికోవ్‌కి 44 ఏళ్ళు. అతని చుట్టూ నిలబెట్టినవాళ్ళలో సెర్హీ ఇవానోవ్, రుస్తం సగ్దుల్లాయెవ్ ఇరవై దాటినవాళ్ళు, మాషాగా వేసిన యెవ్గేనియా సిమోనోవా అప్పటికి ఇంకా పద్దెనిమిది దగ్గరే. వయసు తేడాను మేకప్‌తో చెరపాలని చూస్తే అబద్ధం అయ్యేది. బికోవ్ దాన్ని అలాగే వదిలేశాడు. అలసిన కళ్ళ మాయెస్ట్రో పక్కన ఆ పిల్లలు మరీ పిల్లల్లా కనిపిస్తారు, కథకి కావలసిందీ అదే.

మెకానిక్ మకారిచ్ పాత్ర గురించి స్టూడియోతో పేచీ పడవలసి వచ్చింది. బికోవ్ ఎంచుకున్న అలెక్సేయ్ స్మిర్నోవ్ భారీకాయం ఉన్న హాస్యనటుడు, తెర మీద ఎప్పుడూ సోమరులు, తాగుబోతులు. గంభీరమైన యుద్ధచిత్రానికి ఇతనేమిటని అధికారుల ప్రశ్న. స్మిర్నోవ్ నిజంగా యుద్ధంలో పోరాడి ‘కీర్తి’ పతకాలు అందుకున్న సైనికుడు. సినిమాలో అతను చేసే పని ప్రధానంగా ఎదురుచూడటం. తన నాయకుడి విమానం దిగేదాకా ఆ పెద్ద శరీరం కదలక నిలబడి ఉంటుంది. నవ్వులకి అలవాటుపడిన ప్రేక్షకుడు అతను కనబడగానే నవ్వడానికి సిద్ధమవుతాడు, అక్కడ నవ్వడానికేమీ దొరకదు. బికోవ్‌కి తన ముఖం మీదే తెలిసివచ్చిన సూత్రాన్ని ఇంకొకరి ముఖం మీద ఇంత చక్కగా వాడిన ఘట్టం అతని సినిమాల్లో మరొకటి లేదు.

ఇక పాటలు. ఈ దళం యుద్ధంలోనూ ఒక సంగీత బృందం. మాయెస్ట్రో పైలట్లను ఎంచుకునేటప్పుడు గొంతు కూడా చూస్తాడు. ఇది పూర్తిగా కల్పన కాదు. 5వ గార్డ్స్ యుద్ధవిమాన రెజిమెంటుకి చెందిన వితాలీ పొప్కోవ్ దళానికి పాడే దళమని పేరుండేది. లియోనిద్ ఉత్యోసోవ్ జాజ్ బృందం తమ డబ్బుతో కొన్న విమానాలు ఆ రెజిమెంటుకే వెళ్ళాయి. సినిమాలో అందరికీ గుర్తుండే ‘స్ముగ్ల్యాంక’, అంటే ‘చామనఛాయ పిల్ల’, 1940లో అనతోలీ నోవికోవ్ స్వరపరచిన పాట. యాకోవ్ ష్వేదోవ్ రాశాడు. అయితే అది జనం నోళ్ళలో పడింది 1944లో. 1943లో ఒక పైలట్ దాన్ని పాడుతూ రావడం చరిత్ర లెక్కన పొసగదు. కానీ బికోవ్‌కి కావలసింది యుద్ధం వాసన లేని పాట, పల్లెలో ఎవరైనా అందుకోగల పల్లవి. ఆ పాట పాడిన కుర్రాడికి పాట పేరే ముద్దుపేరవుతుంది. అతను చనిపోయాక పాట మళ్ళీ వినబడితే అది అతని పేరు పిలిచినట్టే ఉంటుంది. ఇంత చిన్న ఏర్పాటుతో పాటను పాత్రగా మార్చాడు. తేదీ తప్పు తెలిసినవాళ్ళు కూడా దాన్ని మన్నించడం న్యాయం.

రెండో పాట ‘నీచ్ యాకా మీస్యాచ్న’, ఎంత వెన్నెల రాత్రి అని అర్థం. మిఖాయిలో స్తారిత్స్కీ కవిత నుంచి వచ్చిన ఉక్రేనియన్ పాట. సినిమా ప్రధానంగా రష్యన్‌లో మాట్లాడుతుంది. ఉక్రేనియన్ నేల మీద ఉన్నామన్న స్పృహ మాయెస్ట్రో నోటివెంట వచ్చే ఉక్రేనియన్ మాటల్లో, ఈ పాటలో నిలుస్తుంది. మాతృభాషలో తొమ్మిదేళ్ళు నటించిన మనిషి ఆ భాషను ఎక్కడ ఉంచాడో గమనించాలి: ఆదేశాల్లో ఎక్కడా కనబడదు, మనసు విప్పేచోట మాత్రమే వస్తుంది.

1976లో తీసిన ‘ఆతీ-బాతీ, సాగారు సైనికులు’ బోరిస్ వసీల్యెవ్, కిరిల్ రపపోర్ట్ స్క్రిప్టు. 1944 మార్చిలో ఒక చిన్న స్టేషను దగ్గర ట్యాంకులను ఆపిన పిడికెడు మంది సైనికులు, ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే చోట కలుసుకునే వాళ్ళ పిల్లలు. బికోవ్ కార్పొరల్ స్వ్యాత్కిన్‌గా వేశాడు, మాటకారి, చలోక్తుల మనిషి. సైనికుల భాగంలో అతని చెయ్యి స్పష్టంగా తెలుస్తుంది. మంచు తడి నేల, ఒకే చోట చిక్కుకున్న మనుషులు, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం, ఆ నవ్వు మీదకి ట్యాంకుల శబ్దం. కథ వర్తమానానికి దూకినప్పుడల్లా ఆ బిగువు సడలుతుంది. కారణం ఊహించవచ్చు. బికోవ్ బలం ఒకే రంగస్థలం మీద ఎదురుచూపును కూడబెట్టడం. ఇక్కడ రంగం మాటిమాటికీ మారుతుంది, కూడబెట్టినది ఖర్చయిపోతుంది. పిల్లలు తమ తండ్రుల గురించి మాట్లాడతారు, తండ్రులు మన ఎదుట బతుకుతారు. రెండింటికీ బరువు సమానం కాదు. అయినా ఈ సినిమాని తక్కువ చెయ్యనక్కర్లేదు. తర్వాత కీవ్ రంగస్థలంలో పెద్ద నటుడైన బొహ్దాన్ బెన్యూక్ వంటి కొత్త ముఖాలను బికోవ్ ఎలా నిలబెట్టాడో చూడటానికైనా చూడాలి.

తర్వాతిది యుద్ధం కాదు. యెవ్గేనీ షాత్కో రచన ఆధారంగా ‘ఆగంతకుడు’ అనే హాస్యచిత్రానికి సిద్ధమయ్యాడు. వేరే గ్రహం నుంచి ఒక పల్లెకి వచ్చినవాడు అచ్చం ఆ ఊరి మనిషిలాగే ఉంటాడు. రెండు పాత్రలూ బికోవే వెయ్యాలి. సాంకేతికంగా ఇది ‘జాయిచిక్’ నాటి చిక్కే, ఇంకా ముదిరిన రూపంలో: దర్శకుడు తానే, నాయకుడు తానే, ఎదుటి పాత్ర కూడా తానే. ఫిల్మ్‌లో సగభాగం మూసి ఒక పాత్రని, మళ్ళీ వెనక్కి తిప్పి రెండో పాత్రని తీసే పద్ధతిలో చూపు ఎటు ఉందో, మాట ఎన్ని క్షణాలు పట్టిందో అంగుళం తప్పకూడదు. ఎదుట ఎవరూ లేకుండా ఎదుటివాడికి స్పందించాలి. అన్ని పాత్రలనూ ఒక్కడే ఆడి చూపిస్తూ ఊళ్ళు తిరిగిన మనిషికి ఇది కొత్త కాదు. పరీక్ష షాట్లు తీశారు.

1979 ఏప్రిల్ 11న మిన్స్క్-కీవ్ రహదారి మీద దీమెర్ దగ్గర, కీవ్‌కి తిరిగివస్తుండగా బికోవ్ కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 50 ఏళ్ళు. సినిమా ఆగిపోయింది. స్మిర్నోవ్ ఆ తర్వాతి నెలలోనే పోయాడు. బికోవ్‌ని కీవ్‌లోని బాయ్కోవె శ్మశానంలో ఉంచారు. అంతకు కొన్నేళ్ళ ముందే, గుండెజబ్బుతో ఉన్నప్పుడు, ఇవాన్ మికొలాయ్‌చుక్, మికొలా మాష్చెంకో అనే ఇద్దరు సినిమా మిత్రులకి ఒక ఉత్తరం రాసి పెట్టాడు. బ్యాండుమేళం వద్దు, ఉపన్యాసాలు వద్దు, సినిమాలోని రెండో దళం వాళ్ళు ‘స్ముగ్ల్యాంక’ మొదటినుంచి చివరిదాకా పాడితే చాలు అని అందులో ఉంది.